మధ్యధరా చిన్న అఖాతాల్లో ఒడ్డు నుంచి డైవింగ్: చిన్న జీవుల్ని ఎక్కడ, ఎలా వెతకాలి

మధ్యధరా సముద్రంలో చిన్న జీవుల్ని చూడాలంటే బోటు అక్కర్లేదు, లోతూ అక్కర్లేదు. స్పెయిన్‌లోని కోస్తా బ్రావాలో బెగూర్ దగ్గరి ఐగ్వాఫ్రెదా, మాల్టాకు చెందిన గోజో దీవిలోని ఇమ్‌జార్ ఇష్-షీని లాంటి చోట్ల రాతి గట్లు చుట్టూ కాపు కాస్తుంటాయి. ఇలాంటి చిన్న అఖాతాల్లో 3 నుంచి 12 మీటర్ల లోతులోనే ఒక డైవ్‌కు సరిపడా, ఇంకా మిగిలేంత జీవం ఉంటుంది. అయినా చాలామంది ఖాళీగా తిరిగొస్తారు, ఎందుకంటే వాళ్లు నేరుగా జీవి కోసమే వెతుకుతారు. సెంటీమీటరున్నర పొడవున్న జీవి కంటికి ఆనదు. అది మేసే గుబురు, అది అంటిపెట్టుకున్న స్పాంజి, అది దాక్కునే రంధ్రం మాత్రం రెండు మీటర్ల దూరం నుంచే కనిపిస్తాయి. వెతకాల్సింది వాటిని. ఆ తర్వాత కావాల్సింది ఓపిక.

ఇది స్కూబా శిక్షణ పూర్తిచేసి, ధ్రువపత్రం ఉన్నవాళ్ల కోసం రాసింది. కనీసం ఇద్దరు కలిసి దిగుతున్నారనే లెక్కతో చదవండి.

రోజును ఎంచుకోవడం

ఇక్కడ ఆటుపోట్ల పట్టికతో పెద్దగా పని లేదు. ఏడ్రియాటిక్ ఉత్తర కొస, గాబెస్ సింధుశాఖ లాంటి కొన్ని చోట్లు తప్పిస్తే నీటిమట్టం తేడా 20–30 సెంటీమీటర్లకు మించదు. అన్నిటినీ తేల్చేది గాలే. కాబట్టి ముందు మ్యాపులో అఖాతం నోరు ఏ దిక్కుకు తెరుచుకుందో చూడండి. ఆగ్నేయానికి తెరుచుకున్న అఖాతంలో వాయవ్యం నుంచి వీచే మిస్ట్రాల్‌కు నీరు దాదాపు కదలదు. అదే అఖాతంలోకి ఆగ్నేయం నుంచి వీచే సిరోక్కో గాలి అలల్ని నేరుగా తోస్తుంది. ఏజియన్‌లో వేసవంతా ఉత్తరం నుంచి మెల్తెమి వీస్తుంది కాబట్టి అక్కడ దక్షిణానికి తెరుచుకున్నవి మేలు.

గాలి తగ్గినంత మాత్రాన సముద్రం తగ్గినట్టు కాదు. ఉబ్బు, అంటే గాలి ఆగినా సాగే అలల కదలిక, ఇంకో రోజు, రెండు రోజులు నిలుస్తుంది. బయటికి ఎక్కాల్సిన రాయి దగ్గర నిలబడి పది నిమిషాలు చూడండి. పెద్ద అలలు వరసలుగా, మధ్య మధ్య విరామంతో వస్తాయి కాబట్టి రెండు నిమిషాలు చూసి నిర్ణయిస్తే మోసపోతారు. ఆ పది నిమిషాల్లో ఒక్క అల మోకాలి ఎత్తుకు లేచినా ఆ రోజు మానుకోవడమే మంచిది. దిగడం ఎప్పుడూ తేలికే, సిలిండర్ బరువుతో ఎక్కేటప్పుడే కాళ్లు విరుగుతాయి. తుఫాను తర్వాత రెండు మూడు రోజులు ఆగితేగానీ బురద అడుక్కి దిగదు. వాగు కలిసే అఖాతమైతే వాన పడ్డాక కూడా అంతే.

నీటి వేడి విషయానికొస్తే, వాయవ్య మధ్యధరాలో ఫిబ్రవరిలో 12–13 డిగ్రీలు, ఆగస్టులో పైపొర 24–26 డిగ్రీలు ఉంటుంది. మాల్టా దగ్గర చలికాలంలో 15, వేసవి చివర 27 దాకా. వేసవి లెక్కను గుడ్డిగా నమ్మకండి. మిస్ట్రాల్ గట్టిగా వీస్తే వేడి పైపొర నీరు సముద్రంలోకి కొట్టుకుపోయి, అడుగునున్న చల్లటి నీరు పైకి వస్తుంది. ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ తీరంలో ఆగస్టు మధ్యలోనూ ఇలా జరుగుతుంది. దిగేముందు థర్మామీటరో డైవ్ కంప్యూటరో నీటిలో పెట్టి చూసుకోండి.

అన్నిటికన్నా మంచి నెలలు ఏప్రిల్ నుంచి జూన్ వరకు. హైడ్రాయిడ్లు (మొక్కల్లా గుబురుగా పెరిగే చిన్న జంతువులు) ఏపుగా ఉంటాయి, కటిల్‌ఫిష్ నల్లటి గుడ్ల గుత్తులు పెడుతుంది, ట్రిప్టెరీజియన్ చేపల మగవాటి తలలు నల్లబడి గూళ్ల దగ్గర కాపలా కాస్తుంటాయి. అక్టోబరు కూడా చాలా బాగుంటుంది, నీరు ఇంకా వెచ్చగా ఉంటుంది, బోట్లు వెళ్లిపోయి ఉంటాయి. జులై, ఆగస్టుల్లో తప్పనిసరైతే తెల్లవారగానే దిగండి. పదకొండు దాటాక సముద్రపు గాలి లేస్తుంది, ఈతగాళ్లూ బోట్లూ నిండుతాయి.

సామాన్లు, గాలి లెక్క, సీసం

12 లీటర్ల సిలిండర్ చాలు. లెక్క వేసుకోండి: 200 బార్ పీడనం దగ్గర అందులో 2400 లీటర్ల గాలి ఉంటుంది. 50 బార్, అంటే 600 లీటర్లు ముట్టుకోకుండా పక్కన పెడితే 1800 మిగులుతుంది. నిమిషానికి 15 లీటర్లు పీల్చే మనిషికి 8 మీటర్ల లోతులో (పీడనం 1.8 బార్) 27 లీటర్లు ఖర్చవుతుంది. అంటే 66 నిమిషాలు. అందుకే ఈ డైవుల్లో గాలికన్నా ముందు ఒంట్లో వేడి అయిపోతుంది. దాదాపు కదలకుండా ఉండే డైవ్ ఇది, కండరాలు వేడిని పుట్టించవు. ఈదే డైవ్‌కు వేసుకునే సూటు కన్నా ఒక మెట్టు మందమైనది వేసుకోండి: వేసవిలో 5 మి.మీ., దానికి తోడు పలుచటి హుడ్. 18 డిగ్రీల లోపైతే 7 మి.మీ.; శీతాకాలంలో ఒంటికి నీరు తగలనివ్వని డ్రైసూట్. వణుకు మొదలైతే డైవ్ అయిపోయినట్టే. వణికే చేతులకు బోయన్సీ (తేలకుండా, మునగకుండా నిలవడం) మీద అదుపు ఉండదు.

మునగడానికి కట్టుకునే సీసం బరువుల దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, మధ్యధరా నీటిలో లీటరుకు 38–39 గ్రాముల ఉప్పు ఉంటుంది, మహాసముద్రాల్లో సుమారు 35. దీనివల్ల మనిషికి పావు కిలో దాకా అదనంగా పడుతుంది. రెండు, 3 మీటర్ల దగ్గర వెట్‌సూట్ ఇంకా పెద్దగా నలగదు కాబట్టి దాని తేలే గుణం చాలావరకు మిగిలే ఉంటుంది. 20 మీటర్ల డైవ్‌కు సరిపోయిన సీసం ఇక్కడ చాలదు. మూడు, డైవ్‌లో వాడే 150 బార్ గాలి, అంటే 1800 లీటర్లు, సుమారు 2.2 కిలోలు తూగుతుంది. మొదట్లో సరిగ్గా ఉన్నవాళ్లు చివర్లో తేలిపోవడానికి కారణం ఇదే.

కాబట్టి పరీక్ష చివర్లో చెయ్యాలి. 50 బార్ మిగిలినప్పుడు 3 మీటర్ల లోతులో బీసీడీని (గాలి నింపే జాకెట్టును) పూర్తిగా ఖాళీ చేసి, మామూలుగా ఊపిరి తీసుకుంటూ నిలవగలగాలి. నిలవలేకపోతే ఒక కిలో పెంచండి. అడుక్కి దిగిపోతుంటే ఒక కిలో తీసెయ్యండి. అక్కర్లేని సీసం నడుము దగ్గర ఉంటే కాళ్లు కిందికి వాలతాయి, ఫిన్లు (పాదాలకు తొడిగే తెడ్లు) ఇసుకను లేపుతాయి. చూడాలనుకున్న జీవి ఆ మబ్బులో కలిసిపోతుంది, హైడ్రాయిడ్ల మీద మట్టి పేరుకుంటుంది. రెండు కిలోలు సిలిండర్ పట్టీకి పైభాగాన కడితే శరీరం అడ్డంగా నిలుస్తుంది.

తక్కినవి: వెలుగు పరుచుకునేలా పడే టార్చి (సన్నటి గురి కిరణం చిన్న జీవుల కళ్లల్లో పొడుస్తుంది, రంగుల్నీ చంపేస్తుంది), ఒక అదనపు చిన్న టార్చి, మందపాటి అడుగున్న బూట్లు, కింద డైవర్ ఉన్నాడని తెలిపేలా పైన తేలే డైవర్ బోయ్, దాని రీలు, చేపల దారాన్ని తెంపే కట్టర్. అఖాతాల నోటి దగ్గర జాలర్లు రాత్రిపూట పలుచటి వలలు వేస్తారు, నీటిలో అవి దాదాపు కనిపించవు. కత్తి కన్నా కట్టరే వేగంగా పని చేస్తుంది. చేతిలోకి ఒక భూతద్దం ఉంటే మరీ మంచిది. కెమెరా లేనివాళ్లకు దాన్ని మించిన వస్తువు లేదు.

దిగడం, దారి, తిరిగి రావడం

జెట్టీ వాలు మీది పచ్చటి నాచు సబ్బులా జారుతుంది. పొడి కాంక్రీటు అయిపోయిన చోటే కూర్చుని, కూర్చున్న భంగిమలోనే నీటిలోకి జరగండి. గులకరాళ్ల ఒడ్డయితే మాస్కు ముఖం మీద, రెగ్యులేటర్ నోట్లో, బీసీడీలో గాలి ఉండాలి, ఫిన్లు చేతికి వేలాడాలి. అల వెనక్కి లాగేటప్పుడు నడిచి, ఛాతీ లోతు రాగానే తేలుతూ, తోడు డైవర్ భుజం పట్టుకుని ఫిన్లు తొడుక్కోండి. రాతి మీద చెయ్యి పెట్టేముందు చూడండి. నీటి అంచు నుంచి రెండు మూడు మీటర్ల లోతు దాకా సీ అర్చిన్లు పరిచినట్టుంటాయి, వాటి ముళ్లు గ్లవుల్లోంచి కూడా దిగుతాయి.

మునిగేముందు కంపాస్‌ను ఒడ్డు వైపు తిప్పి, బయటికొచ్చే చోటి కోణాన్ని పలక మీద రాసుకోండి. దారి సులువైనదే: ఒక రాతి గోడను కుడి భుజం వైపు ఉంచుకుని అఖాతం నోటి వైపు వెళ్లడం, అదే గోడను ఎడమ భుజానికి మార్చి తిరిగి రావడం. మధ్యలో ఇసుక మీదుగా అడ్డంగా దాటాలనిపిస్తుంది. మొదటి డైవ్‌లో వద్దు. దారి తప్పితే ఇసుకలోని అలల గీతల్ని చూడండి, అవి సాధారణంగా ఒడ్డుకు సమాంతరంగా ఉంటాయి. 110 బార్ దగ్గర వెనుదిరగండి, 70 బార్‌కు 5 మీటర్ల లోతులోకి వచ్చెయ్యండి.

వెళ్లే దూరం మీద ఆశ పెట్టుకోకండి. గంటలో 60–80 మీటర్ల గోడ చూస్తే అది మంచి వేగం. ఇంకా తగ్గితే ఇంకా మంచిది.

తిరిగి వచ్చేటప్పుడు మధ్యలో పైకి తేలకుండా అడుగునే అంటిపెట్టుకుని నిలబడగలిగే లోతు దాకా రండి. ఈ డైవుల్లో అసలు ప్రమాదం లోతు కాదు, తల మీదుగా పోయే బోటు ప్రొపెల్లర్. స్పెయిన్‌లో బీచ్‌ల నుంచి 200 మీటర్లు, తక్కిన తీరం నుంచి 50 మీటర్లు ఈతగాళ్ల ప్రాంతం. ఫ్రాన్స్‌లో తీరం నుంచి 300 మీటర్ల దాకా బోటు వేగం 5 నాట్లు దాటకూడదు. ఇటలీలో డైవర్ తన జెండా బోయ్ నుంచి 50 మీటర్ల లోపే ఉండాలి. చట్టాన్ని అందరూ పాటిస్తారని అనుకోకుండా బోయ్‌ను వెంట లాక్కెళ్లండి. సముద్ర రిజర్వుల్లో (రక్షిత ప్రాంతాల్లో) డైవింగ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాల్సి రావచ్చు, స్పెయిన్‌లోని మేదెస్ దీవుల్లో అలాగే ఉంది. ఆ ఊరి నియమం ఏమిటో ముందు రోజే అడిగి తెలుసుకోండి.

ఎక్కడ ఏముంటుంది

అఖాతం నోటికి దగ్గరగా, నీరు కాస్త కదిలే రాతి అంచుల మీద గోధుమ రంగు కొమ్మల చిన్న గుబుర్లు కనిపిస్తాయి. కొమ్మల కొసన లేత గులాబీ పువ్వుల్లాంటివి ఉంటే అది యూడెండ్రియం అనే హైడ్రాయిడ్. దాని ముందు ఆగిపోండి. క్రటేనా పెరెగ్రీనా అనే న్యూడిబ్రాంక్ (పెంకు లేని సముద్రపు నత్త) మేసేది దీన్నే: పాల తెలుపు ఒళ్లు, తల మీద నారింజ మచ్చలు, వీపు మీది వేళ్ల కొసల్లో నీలి మెరుపు. అప్పుడే ప్లాంక్టన్‌ను పట్టి తిన్న హైడ్రాయిడ్ పువ్వునే ఇది ఏరుకుని తింటుందని 2017లో ఒక పరిశోధన తేల్చింది, అలా రెండు తిండ్లు ఒకే ముద్దలో దొరుకుతాయి. ఊదా రంగు ఫ్లాబెల్లినా అఫినిస్ కూడా ఈ గుబుర్లలోనే ఉంటుంది. ముందు వెతకాల్సింది గుడ్లను: కొమ్మల చుట్టూ చిక్కుపడిన సన్నటి తెల్ల దారమో గులాబీ దారమో కనిపిస్తే, పెట్టినవి ఆ దరిదాపుల్లోనే ఉండే అవకాశం ఎక్కువ. గుబురును పైనుంచి కాదు, పక్కనుంచి, వెనక నీలం నీరు కనిపించే కోణంలో చూడండి. అప్పుడే ఆకారం విడిగా తెలుస్తుంది.

గోడకు నీడ పడే చోట, చూరులాంటి రాళ్ల కింద ఊదా–గోధుమ రంగులో గట్టిగా ఉండే స్పాంజి పెట్రోసియా ఫిసిఫార్మిస్. దాని మీద తెల్లటి గీకుళ్లు ఉన్నాయేమో చూడండి. తెల్ల ఒంటి మీద ముదురు గోధుమ మచ్చలున్న పెల్టోడోరిస్ ఆట్రోమాక్యులాటా మేసిన జాడ అది. నాలుగైదు సెంటీమీటర్లకు పైనే ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు మొదట కనిపెట్టేది తరచు దీన్నే.

ఎండ బాగా పడే 1–4 మీటర్ల రాళ్ల మీద తెల్లటి చిన్న గొడుగుల్లాంటి నాచు అసెటాబులేరియా. ఇక్కడ చాలామంది ఆగకుండా దాటిపోతారు, అది పెద్ద నష్టం. చలికాలం చివర నుంచి వసంతం దాకా ఆ గొడుగుల మధ్య ఎలీసియా టిమిడా ఉంటుంది. సాధారణంగా సెంటీమీటరు దాటదు, తెల్లటి ఒంటి మీద ఎర్రటి చుక్కలు. వీపు మీది రెక్కల్లాంటి మడతలు విప్పితే లోపల పచ్చదనం కనిపిస్తుంది. నాచులోంచి పీల్చుకున్న హరితరేణువుల్ని జీర్ణం చేసుకోకుండా ఒంట్లోనే దాచుకుంటుంది, అవి వెలుగులో పని చేస్తూనే ఉంటాయి. ఈ లోతులో అలల ఊపు ఎక్కువ కాబట్టి దీనికి పూర్తిగా నిశ్చలంగా ఉన్న రోజే కావాలి.

ఇసుక మొదలయ్యే చోట పోసిడోనియా ఓషియానికా పచ్చిక ఉంటుంది. ఇది నాచు కాదు, పూలు పూసే మొక్క, ఈ సముద్రంలో తప్ప ఇంకెక్కడా లేదు. దుంపవేరు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు మాత్రమే పాకుతుంది. ఒక్క యాంకరు పెళ్లగించిన గుంట మనిషి జీవితకాలంలో పూడకపోవచ్చు. మోకాళ్లు ఆనించవద్దని చెప్పేది ఇందుకే. పచ్చిక మధ్యలో ఈదినా ఏమీ దొరకదు. అంచునే చూడండి: ఆకుల్లో ఆకులా నిలువుగా నిలిచే పైప్‌ఫిష్, ఆకులకు అతుక్కున్న పచ్చటి చిన్న చేపలు, మొదళ్ల నీడలో నత్తలు, రొయ్యలు.

పచ్చిక పక్కనే ఉన్న ఇసుకలో, పొట్టి గడ్డి మొలిచిన చోట, పాత తాళ్ల మీద, బోయ్ గొలుసుల మీద సముద్రపు గుర్రాలు తోక చుట్టుకుని ఉంటాయి. పెద్దగా తిరగవు, ఒకసారి కనిపించిన చోటే మళ్లీ కనిపిస్తాయి. ఆ మంచితనమే వాటికి చేటు: చోటు తెలిసిన ప్రతివాళ్లూ అక్కడికే వెళ్తారు. మీటరు దూరం నుంచి చూసి, ఫ్లాష్ లేకుండా రెండు మూడు ఫోటోలతో ఆపండి. అది ముఖం తిప్పుకుంటే వెళ్లిపొమ్మన్నట్టే. ఎక్కడ కనిపించిందో బహిరంగంగా రాయకండి.

గోధుమ–ఆకుపచ్చ తంతులతో, ఊదా కొసలతో ఊగేది అనెమోనియా విరిడిస్ అనే సీ అనెమనీ (పువ్వులాంటి జంతువు). తంతుల మొదట్లో ఇనాకస్ సాలీడు పీత, వాటి నడుమ ఒళ్లంతా గాజులా ఉన్న పెరిక్లిమినీస్ రొయ్య, అంచున చుక్కల గోబీ చేప. టార్చిని పక్కకు వాల్చి పట్టుకుని రెండు నిమిషాలు చూస్తే గాజు రొయ్య మీది ఊదా చుక్కలు ముందు కదులుతాయి.

చివరగా రంధ్రాలు. సున్నపురాతిలో వేలు పట్టేంత గుండ్రటి రంధ్రాల్ని తొలిచేది లిథోఫాగా అనే గవ్వ. దాన్ని పట్టడం యూరోపియన్ యూనియన్ అంతటా నిషేధం, ఎందుకంటే రాయి పగలగొట్టకుండా అది రాదు. ఖాళీ అయిన రంధ్రాల్లో బ్లెన్నీ చేపలు తల బయటపెట్టి కూర్చుంటాయి. మనం దగ్గరకొస్తే లోపలికి పోతుంది. ఊపిరి ఆపకుండా, కదలకుండా నిమిషం ఆగితే మళ్లీ తల పెడుతుంది. గవ్వ చిప్పలు, పీత పెంకులు కుప్పగా ఉన్న పగులు కనిపిస్తే అది ఆక్టోపస్ ఇల్లు.

రాత్రి ఇదే దారి ఇంకో లోకం. ఇసుకలో బొటనవేలంత సెపియోలా అనే పొట్టి స్క్విడ్, పగుళ్లలో మెరిసే రొయ్యల కళ్లు. ముందు పగలు దిగి చూసిన చోటే రాత్రి దిగండి, ఒడ్డున బయటికొచ్చే చోట ఒక దీపం వదిలి వెళ్లండి.

నీటిలో ఒంటి తీరు

ఫోటో కోసం ఊపిరి బిగబట్టడం ఇక్కడి అతిపెద్ద తప్పు. దామాషాలో చూస్తే పీడనం మార్పు అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది మొదటి 10 మీటర్లలోనే. ఊపిరితిత్తుల నిండా గాలి బిగబట్టి ఒకటిన్నర మీటరు పైకి తేలినా అవి చిరగవచ్చు. ఊపిరి చిన్నగా తీయండి, అంతే కానీ ఆపొద్దు. ఇంకో బాధ చెవులది: 2 నుంచి 8 మీటర్ల మధ్య పదే పదే ఎక్కి దిగితే లోతు డైవ్ కన్నా ఎక్కువ నొస్తాయి. అందుకే ముందు లోతైనది, తర్వాత పైది చూసుకుంటూ రండి.

రాతిని పట్టుకోవాల్సి వస్తే బోడిగా ఉన్న చోట ఒక వేలు చాలు. రాళ్లు తిప్పకండి, నీడను నమ్ముకుని బతికే గుడ్లు, స్పాంజులు వెలుగుకు చచ్చిపోతాయి. జీవిని ఫోటో కోసం వేరే చోట పెట్టడం దాన్ని దాని తిండి నుంచి విడదీయడమే. ఇద్దరు డైవర్లూ ఒకే చదరపు మీటరును పక్కపక్కనే చూడండి. చిన్న జీవుల డైవ్‌లో తోడు తప్పిపోయేది నీరు మసకై కాదు, ఇద్దరూ చెరో రాతికి ముఖం అతికించుకోవడం వల్ల.

కుట్టేవి

వీవర్ చేప ఇసుకలో కళ్లు మాత్రం బయట పెట్టి పూడుకుంటుంది, తేలుచేప రాయిలా ఉంటుంది. ముల్లు దిగితే భరించగలిగినంత వేడి నీటిలో, 40–45 డిగ్రీల మధ్య, 30 నుంచి 90 నిమిషాలు ఉంచాలి. వేడిని దెబ్బ తగలని చేతితో పరీక్షించండి. ఫ్లాస్కులో వేడినీళ్లు కారులో ఉంచుకోవడం అందుకే. సైప్రస్, క్రీట్, టర్కీ తీరాల్లో లయన్‌ఫిష్ కూడా ఉంది, దానికీ ఇదే చికిత్స.

ఊదా రంగు పెలాజియా జెల్లీఫిష్ గాలికి కొట్టుకొచ్చి అఖాతం మూలల్లో పోగవుతుంది. దిగేముందు నీటి అంచును చూడటం మరవకండి. కుడితే సముద్రపు నీటితోనే కడగండి, మంచినీళ్లు వద్దు, దీనికి వెనిగర్ కూడా వద్దు. తర్వాత చల్లటి పట్టీ. నిప్పుపురుగు అనే సముద్రపు పురుగు నూగు చర్మంలో దిగితే రుద్దకుండా జిగురు టేపు అంటించి లాగండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా, డైవ్ తర్వాత తిమ్మిరి, కీళ్ల నొప్పి వచ్చినా యూరోపియన్ యూనియన్ దేశాల్లో 112కు ఫోన్ చెయ్యండి. అఖాతాల్లో సిగ్నల్ తరచు ఉండదు, ఎక్కడ దొరుకుతుందో దిగకముందే నడిచి చూసుకోండి.

పచ్చికలో నిలువుగా పాతుకున్న పెద్ద పిన్నా గవ్వ కనిపిస్తే ప్రత్యేకంగా చూడండి. 2016లో మొదలైన పరాన్నజీవి రోగంతో మధ్యధరాలో ఇవి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, నిలబడి ఉన్నవాటిలో ఎక్కువ ఖాళీ పెంకులే. మీ నీడ పడగానే పెంకు మూసుకుంటే అది బతికే ఉంది. ముట్టుకోకుండా లోతు, కంపాస్ కోణం రాసుకుని, ఒక ఫోటో తీసి ఆ ప్రాంతపు సముద్ర రిజర్వు అధికారులకు తెలియజెయ్యండి.